పాతికేళ్ల గ్యారెంటీ ఎలా ఇస్తారు?

చిన్నూకి, అమ్ములుకి, హైదరాబాద్ నుంచి తాతయ్య ఆశీస్సులు.

మేడ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించామని చెప్పగానే అమ్ములు ఫోన్లో ఒక మంచి ప్రశ్న వేసింది. "ఈ మోడల్ వచ్చిందే నిన్నగాక మొన్న కదా తాతయ్యా, పాతికేళ్లు పనిచేస్తుందని వాళ్లకెలా తెలుసు?" బిగించడానికి వచ్చిన కుర్రాణ్ణి అదే అడిగితే "కంపెనీ గ్యారెంటీ సార్, టెన్షన్ పడకండి" అన్నాడు. అది జవాబు కాదు. అందుకే ఈ ఉత్తరం.

పాతికేళ్లు ఆగి చూడటం ఎవరికీ కుదరదు కాబట్టి ల్యాబులో ప్యానెల్‌కి తొందరగా ముసలితనం తెప్పిస్తారు. 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న పెట్టెలో 1000 గంటలు ఉంచుతారు. మైనస్ 40 డిగ్రీల చలి నుంచి 85 డిగ్రీల వేడికి, మళ్లీ చలికి 200 సార్లు తిప్పుతారు. 25 మిల్లీమీటర్ల మంచు గుండును సెకనుకు 23 మీటర్ల వేగంతో అద్దానికి కొడతారు. మన దగ్గర ఎండాకాలంలో పడే వడగళ్ల కోసమన్నమాట. ఇవన్నీ ఐఈసీ 61215 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉంటాయి.

అయితే ఇందులో పాసైనంత మాత్రాన పాతికేళ్లు ఖాయమని కాదు. మొదట్లోనే పాడయ్యే డిజైన్లను ఏరేయడం దాని పని. పైగా పరీక్షకు వెళ్లేవి కొన్ని శాంపిళ్లే. మన మేడ మీదికొచ్చినవి వేరే రోజు తయారైనవి.

అసలు ప్యానెల్లో ముసలిదయ్యేది ఏది? ఎండను కరెంటుగా మార్చే పల్చటి సిలికాన్ బిళ్లల్ని సెల్స్ అంటారు. ఆ సిలికాన్ అంత తేలిగ్గా చెడదు, దాని చుట్టూ ఉన్నవే చెడతాయి. సెల్స్‌ని పట్టి ఉంచే ఈవీఏ అనే ప్లాస్టిక్ పొర పసుపెక్కుతుంది. వెనక బ్యాక్‌షీట్ బీటలిస్తే తేమ లోపలికి పోతుంది. రోజూ వేడెక్కి చల్లారే సరికి టంకం అతుకులు అలిసిపోతాయి. ఇక సెల్ మందమేమో మిల్లీమీటర్‌లో ఐదో వంతు కూడా ఉండదు. బిగించేవాళ్లు ప్యానెల్ మీద కాలేస్తే పైన అద్దానికి ఏమీ కాదు గానీ లోపల సెల్ చిట్లుతుంది. మామూలుగా చూస్తే కనబడదు. చీకట్లో ప్యానెల్లోకి కరెంటు పంపితే సెల్స్ మన కంటికి అందని కాంతితో వెలుగుతాయి. ప్రత్యేక కెమెరాతో ఫొటో తీస్తే పగిలిన ముక్క నల్లగా పడుతుంది. చిన్నూ, ఎక్స్‌రే అంటే నీకిష్టం కదా, ఆ ఫొటోలు వెతికి చూడు.

ఐఐటీ బాంబే వాళ్లు జాతీయ సౌరశక్తి సంస్థతో కలిసి 2013 నుంచి దేశమంతా తిరిగి పాత ప్యానెళ్లను కొలిచారు. వేడి ప్రాంతాల్లో ఎక్కువ చెడిపోతున్నాయని తేలింది. పెద్ద ప్లాంట్ల కన్నా ఇళ్ల మీద ఉండే చిన్నవాటి పరిస్థితే అధ్వానం. నన్నడిగితే, బ్రాండ్ గురించి ఆలోచించే దాంట్లో సగమైనా బిగించే మనిషి గురించి ఆలోచించాలి.

మే నెలలో ఉత్పత్తి తగ్గిందని మాత్రం కంగారు పడొద్దు. ప్యానెల్ మీద రాసిన వాట్లు సెల్ 25 డిగ్రీలున్నప్పటి లెక్క. మన ఎండలకు సెల్ 60 దాటుతుంది. డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున తగ్గితే 540 వాట్ల ప్యానెల్ 475 దగ్గర ఆగుతుంది. ఇది చెడిపోవడం కాదు, దాని స్వభావం. పావురం రెట్ట ఒక సెల్‌ని కప్పేస్తే మాత్రం ఊరుకోకూడదు. నీడ పడిన ఆ సెల్ కాలిపోయేంత వేడెక్కొచ్చు. పొద్దున్నే, అద్దం చల్లగా ఉన్నప్పుడు కడగాలి. బోరు నీళ్లయితే తుడిచేయాలి, లేకపోతే తెల్లటి మరకలు కడతాయి.

గ్యారెంటీలు నిజానికి రెండు. వస్తువు చెడిపోతే మార్చిచ్చేది సాధారణంగా పది, పన్నెండేళ్లే. ఆ పాతికేళ్లది ఉత్పత్తికి సంబంధించింది, చివర్లో 80 శాతానికి తగ్గదని. తగ్గిందని చూపించాల్సింది మనమే! అందుకే ఫ్యాక్టరీలో ఒక్కో ప్యానెల్ ఎన్ని వాట్లు ఇచ్చిందో కొలిచి రాసిన ఫ్లాష్ టెస్ట్ రిపోర్టు అడిగి తీసుకున్నాను. ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ చూపించే యూనిట్లు ప్రతి నెలా నోట్‌బుక్‌లో రాస్తున్నాను. ఏటా ఎండలో తేడా ఉంటుంది కాబట్టి ఏడాదికి అర శాతం లాంటి చిన్న తగ్గుదల ఇందులో దొరకదు, ఒక్కసారిగా పడిపోతే దొరుకుతుంది.

ఇక మిగిలింది సీరియల్ నంబర్లు. అద్దం కింద సన్నటి అక్షరాల్లో ఉన్నాయి, నా కళ్లకు ఆనడం లేదు. దసరా సెలవులకు వచ్చినప్పుడు ఫోన్లో ఫొటోలు తీసి ఆ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసిపెట్టండి.

మీ తాతయ్య