నగరం నడిబొడ్డున చారిత్రక ఉద్యానం: అపోహలు – వాస్తవాలు

రద్దీ నగరాల మధ్యనున్న పాత ఉద్యానాల్లో చెట్ల సంరక్షణ నా వృత్తి. సందర్శకుల ప్రశ్నల్లోనూ, వారిని వెంటబెట్టుకుని తిప్పేవారి మాటల్లోనూ కొన్ని నమ్మకాలు పదేపదే వినిపిస్తుంటాయి. వాటిలో కొన్ని వట్టి కబుర్లు, వాటివల్ల నష్టమేమీ లేదు. మరికొన్ని తోటకు నేరుగా చేటు చేసేవి కాబట్టి వాటికి ఇక్కడ ఎక్కువ చోటిస్తున్నాను.

అపోహ: చారిత్రక ఉద్యానంలోని చెట్లన్నీ స్థాపకుల కాలంలో నాటినవే.

వాస్తవం: అలాంటి చెట్లు లేకపోలేదు గాని అవి చాలా అరుదు. ఇటలీలోని పాదువాలో 1545లో నెలకొల్పిన వృక్షశాస్త్ర ఉద్యానంలో 1585 నాటి పామ్ చెట్టు ఒకటి నేటికీ బతికి ఉంది. పారిస్‌లోని ట్యూలరీస్ ఉద్యానం కథ వేరు. 1564లో మొదలై, 1664లో ఉద్యాన రూపకర్త ఆంద్రె ల నోత్ర్ చేతిలో కొత్త రూపం దిద్దుకున్న ఆ తోటలో నడిమి దారి, కొలనులు, చెట్ల బారుల అమరిక ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి గాని, ఆ బారుల్లోని చెట్లు మాత్రం తరాలుగా మారుతూ వచ్చాయి. చారిత్రక ఉద్యానాల పరిరక్షణకు ప్రపంచమంతటా ప్రమాణంగా తీసుకునే 1981 నాటి ఫ్లారెన్స్ ప్రకటన ఈ సంగతిని సూటిగానే చెబుతుంది: ఉద్యానం ఒక స్మారకమే అయినా అది ప్రధానంగా మొక్కలతో కూడినది, కనుక అది సజీవమైనది, నశించేది, మళ్లీ మొలిపించుకోగలిగేది.

దీనివల్ల వచ్చే చిక్కు సందర్శకులకు అంతగా తెలియదు. ఒకే ఏడు నాటిన బారులోని చెట్లు దాదాపు ఒకే కాలంలో ముసలివవుతాయి. చచ్చిన చెట్టు స్థానంలో ఒక్కొక్కటిగా లేత మొక్కను పెడుతూ పోతే, ఇరుపక్కల ఉన్న పెద్ద చెట్ల నీడలో, వాటి వేళ్లతో పోటీపడలేక ఆ మొక్క వంకరగా, పీలగా పెరుగుతుంది. కొన్నేళ్లకు బారు పళ్లూడిన నోటిలా తయారవుతుంది. అందుకే కొన్ని సందర్భాల్లో బారు మొత్తాన్నీ తీసివేసి ఒకేసారి కొత్తగా నాటవలసి వస్తుంది. ఫ్లారెన్స్ ప్రకటన కూడా దీర్ఘకాలిక ప్రణాళికలో భాగంగా దీనికి అనుమతిస్తుంది. ఇలాంటి పని జరిగినప్పుడు జనం ఆగ్రహించడం సహజమే, ఆ ఆగ్రహం అన్ని వేళలా అనవసరమైనదని కూడా నేను అనను. అయితే నిలదీయవలసింది ‘చెట్టు ఎందుకు కొట్టారు’ అని మాత్రమే కాదు. ‘ఏ జాతిని, ఎంత దూరంలో, ఎలాంటి నేలలో తిరిగి నాటుతున్నారు, మొదటి కొన్ని వేసవులు నీరు పెట్టే బాధ్యత ఎవరిది’ అని కూడా అడగాలి.

అపోహ: నగరం విస్తరించకముందు ఉన్న అడవిలో మిగిలిన ముక్కే ఈ తోట. అందులోని నిశ్శబ్దం చెట్లు కల్పించినదే.

వాస్తవం: చాలా ఉద్యానాల్లో సహజంగా కనిపించేదంతా మనుషులు పూనుకుని చేసిన నిర్మాణమే. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ విస్తీర్ణం 843 ఎకరాలు. 1858లో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ గీసిన నమూనా ప్రకారం దానిలోని చెరువులు తవ్వారు, బండలు పేల్చారు, బయటినుంచి మేలైన పైమట్టి తెచ్చి పోశారు. అంతకుముందు ఆ స్థలంలో సెనెకా విలేజ్ అనే ఊరు ఉండేది. ఎక్కువమంది నల్లజాతివారే అయిన దాని నివాసులను 1857 నాటికి ఖాళీ చేయించారు. తోట చరిత్ర చెప్పేటప్పుడు ఈ భాగాన్ని వదిలేయడం నాకు సమ్మతం కాదు.

శబ్దం సంగతికి వస్తే, ఒకటి రెండు వరుసల చెట్లు వాహనాల రొదను తగ్గించేది స్వల్పమే. చెప్పుకోదగిన తేడా రావాలంటే పదుల మీటర్ల వెడల్పున దట్టమైన పొదలూ చెట్లూ కలిసి ఉండాలి. సెంట్రల్ పార్క్‌ను అడ్డంగా దాటే నాలుగు రోడ్లనూ ఆ రూపకర్తలు నేలమట్టానికి దిగువగా వేయించారు. అక్కడి ప్రశాంతతలో ఆ పల్లపు రోడ్ల వంతు చాలా ఉంది. ఇతర తోటల్లో మట్టి దిబ్బలు, గోడలు, నీటి చప్పుడుతో రొదను కప్పేసే ఫౌంటెన్లు ఆ పని చేస్తాయి. ఇంగ్లండులోని డర్బీ ఆర్బొరీటమ్ (రకరకాల చెట్లను సేకరించి పెంచే తోట) 1840లో తెరిచినప్పుడు సుమారు 11 ఎకరాలే. దాని రూపకర్త జాన్ క్లాడియస్ లౌడన్, ఒక దారిలో నడిచేవారికి పక్క దారిలోని వారు కనబడకుండా నడుమ దిబ్బలు పోయించి, చిన్న తోటను విశాలంగా భ్రమింపజేశాడు. అడ్డదారిన దిబ్బలు ఎక్కి దిగేవారికి ఆ భ్రమ దక్కదు. పాత తోటలో వంపు తిరిగే దారిని వంపు వెంటే నడవమని నేను చెప్పడానికి ఇదొక కారణం.

అపోహ: చెట్టు కింద పచ్చికపై నాలుగడుగులు వేస్తే చెట్టుకు వచ్చే నష్టమేమిటి? వేళ్లు పాతాళంలో ఉంటాయి కదా.

వాస్తవం: నా వృత్తిలో నేను ఎక్కువగా పోరాడేది ఈ ఒక్క అపోహతోనే. నీటినీ పోషకాలనూ పీల్చే సన్నని వేళ్లలో అత్యధికం నేల పైపొరలోనే, సుమారు అర మీటరు లోతులోపే ఉంటాయి. అవి కొమ్మల నీడ పడే మేర దాటి చాలా దూరం వ్యాపిస్తాయి. వేళ్లకు నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. గుల్లగా ఉన్న నేలలో మట్టి రేణువుల మధ్య ఖాళీలుంటాయి, వాటి గుండానే గాలి, నీరు లోపలికి చేరతాయి. తొక్కిడి వల్ల ముందుగా మూసుకుపోయేవి ఆ ఖాళీలలో పెద్దవే. ఆ తరువాత వాన పడినా నీరు ఇంకదు, పైపైన పారి పోతుంది. లోపల వేళ్లకు ఊపిరాడదు. వర్షానికి తడిసిన నేలైతే ఇంకా సులభంగా అణగిపోతుంది. గమనించవలసిన మరో విషయం ఏమిటంటే, నష్టంలో పెద్ద భాగం మొదటి కొద్ది తొక్కిళ్లలోనే జరిగిపోతుంది. అంటే ‘ఇప్పటికే పదిమంది నడిచారు, నేనొక్కణ్ణి నడిస్తే ఏం’ అనే వాదనలో కొంత నిజం ఉన్నా, ఎవరూ నడవని చోట తొలి అడుగులు వేసేవారికి ఆ మాట వర్తించదు.

ఇలా దెబ్బతిన్న చెట్టు వెంటనే ఎండదు. ముందు పైకొమ్మల చివర్లు పలచబడతాయి, ఆకుల పరిమాణం తగ్గుతుంది, కొన్నేళ్ల తరువాత ఏ తెగులో, పురుగో వచ్చి పడుతుంది. అప్పుడు అందరూ తెగులునే నిందిస్తారు. వేదికలు కట్టి, భారీ వాహనాలు దింపి, పచ్చికబయళ్లలో జరిపే ఉత్సవాల పట్ల నాకున్న అభ్యంతరం కూడా ఇదే. ఫ్లారెన్స్ ప్రకటన ఉత్సవాలను పూర్తిగా కాదనదు, వాటిని అరుదైన సందర్భాలకే పరిమితం చేయమంటుంది. గట్టిపడిన నేలను తిరిగి గుల్ల చేయడానికి మా దగ్గర పనిముట్లు ఉన్నాయి. గాలిని వేగంగా చిమ్మి వేళ్లు తెగకుండా మట్టిని వదులు చేసే యంత్రం వాటిలో ఒకటి. ఆ పని నెమ్మదిగా సాగుతుంది, ఖర్చూ ఎక్కువే. చెట్టు మొదళ్ల చుట్టూ తాడు కట్టి, ఎండుటాకులో చెక్కపేళ్లో కప్పి ఉంచిన చోట అడుగు పెట్టకపోవడం దానికంటే ఎన్నో రెట్లు చవక.

అపోహ: తొర్రపడిన చెట్టు చచ్చిన చెట్టే. దాన్ని కొట్టేయాలి, లేదా తొర్రను సిమెంటుతో పూడ్చాలి.

వాస్తవం: చెట్టు మానులో జీవక్రియ జరిగేది ప్రధానంగా బెరడు కిందనున్న పొరల్లో. లోపలి చేవ నిర్జీవమైన కర్ర. అది కుళ్లి తొర్ర పడినా, చుట్టూ తగినంత మందాన గట్టి కర్ర మిగిలి ఉంటే చెట్టు చాలాకాలం నిలబడగలదు. ఎంత మిగిలిందో పరికరాలతో కొలిచి చూశాకే కొట్టాలా వద్దా అన్న నిర్ణయం జరగాలి. సిమెంటు పూడ్పు ఒకప్పుడు మర్యాదైన వైద్యమే. గాలికి మాను ఊగుతుంది, సిమెంటు ఊగదు. రెంటి మధ్య రాపిడి, తేమ చేరి కుళ్లు పెరుగుతుందని తెలిశాక ఆ పద్ధతిని విడిచిపెట్టారు. చెట్ల గాయాలు మన గాయాల్లా మానవు, చుట్టూ అడ్డుగోడలు కట్టుకుని చెట్టు ఆ భాగాన్ని వేరు చేస్తుందని 1970లలో అమెరికా వృక్ష శాస్త్రవేత్త అలెక్స్ షైగో వివరించాడు. బెరడుపై చెక్కిన పేరు చెట్టు బతికున్నన్నాళ్లూ గాయమే.

అపోహ: తోటలో ఆక్సిజన్ ఎక్కువ. కొన్ని చెట్లు రాత్రిపూట కూడా ఆక్సిజన్ ఇస్తాయి.

వాస్తవం: గాలిలో ఆక్సిజన్ తోట లోపలా బయటా దాదాపు 21 శాతమే. వెలుతురు లేనిదే ఏ చెట్టూ ఆక్సిజన్ విడుదల చేయలేదు. తోట ఇచ్చే నిజమైన మేలు చల్లదనం: పగటిపూట పార్కుల్లో గాలి చుట్టుపక్కల కంటే సగటున ఒక డిగ్రీ సెల్సియస్ మేర చల్లగా ఉంటుందని అధ్యయనాల సమీక్షలు తేల్చాయి. నీడలో ఎండ నేరుగా తగలదు కనుక ఒంటికి తెలిసే తేడా అంతకంటే చాలా ఎక్కువ.

అపోహ: సూర్యోదయానికి ముందు గాలి అన్ని కాలాల్లోనూ స్వచ్ఛమైనది.

వాస్తవం: గాలి కదలని చలికాలపు రాత్రుల్లో పొగ, ధూళి నేల దగ్గరే నిలిచిపోతాయి. ఎండ ఎక్కి నేల వేడెక్కాకే అవి చెదురుతాయి. కాబట్టి ఆ కాలంలో, ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవారు, కొంచెం పొద్దెక్కాక రావడం మేలు. వేసవి మధ్యాహ్నాల్లో ఊపిరితిత్తులకు చేటు చేసే ఓజోన్ వాయువు నేల దగ్గర పెరుగుతుంది కనుక అప్పుడు ఉదయమే సరైనది.

అపోహ: బాతులకు బ్రెడ్డు వేయడం పుణ్యం.

వాస్తవం: బ్రెడ్డు వాటికి సరైన ఆహారం కాదు. తినగా మిగిలింది నీటిలో కుళ్లి నాచును పెంచుతుంది.

అపోహ: ప్రజల తోట కాబట్టి దానికి వేళలు, సెలవులు ఉండకూడదు.

వాస్తవం: ప్రజల కోసమే కానుకగా ఇచ్చిన డర్బీ ఆర్బొరీటమ్‌లోనే మొదట్లో ఉచిత ప్రవేశం వారానికి రెండు రోజులు మాత్రమే, మిగతా రోజుల రుసుము నిర్వహణకు వెళ్లేది. నేను రుసుమును సమర్థించను గాని, తలుపులు మూసే వేళలను సమర్థిస్తాను. ఎండిన పెద్ద కొమ్మలను కోయడం, మందులు చల్లడం, యంత్రాలు నడపడం కింద మనుషులుండగా చేయలేము. తోట పరిమాణం, సున్నితత్వం కోరే మేరకు ప్రవేశాన్ని పరిమితం చేయాలని ఫ్లారెన్స్ ప్రకటన కూడా చెబుతుంది. వచ్చే ముందు ఆ రోజు ఏ భాగం మూసి ఉందో కనుక్కోండి. వీలైతే పూలకాలం దాటాక, ఆకురాలు కాలంలో ఒకసారి రండి. పూల మీది నుంచి చూపు మరలి, దారులు, బారులు, నేల ఎత్తుపల్లాలు, అంటే రూపకర్త వేసిన అసలు పథకం, అప్పుడే పూర్తిగా కనిపిస్తుంది.