మత్తు సూది వేసినా నొప్పెందుకు? పంటి డాక్టరంటే భయమెందుకు?

"మత్తు ఇంజెక్షన్ వేశాక కూడా నాకు నొప్పి తెలిసిందండీ, డాక్టరేమో భయం వల్ల అలా అనిపిస్తోంది అన్నారు, ఇక ఆ కుర్చీ ఎక్కను" అని ఒకాయన చెప్పారు. ఆయనకి నిజంగానే నొప్పేసి ఉంటుంది, దాని వెనకున్న కెమిస్ట్రీ అంటే నాకు భలే ఇష్టం.

పంటి మత్తు సూదిలో మామూలుగా ఉండే మందు లిడోకైన్, దాని అణువులు కొన్ని ఛార్జ్‌తో, కొన్ని ఛార్జ్ లేకుండా ఉంటాయి. నరం మీది కొవ్వు పొర దాటగలిగేవి ఛార్జ్ లేనివే, అవి లోపలికెళ్ళి మళ్ళీ ప్రోటాన్ తగిలించుకుని, అంటే ఛార్జ్ తెచ్చుకుని, సోడియం ఛానెళ్ళని (నరంలోకి సోడియం వచ్చే దారుల్ని) లోపలి నుంచి మూసేస్తాయి, సోడియం రాకపోతే నొప్పి సిగ్నల్ ముందుకి కదలదు. మామూలు చిగుట్లో పీహెచ్ (ఆమ్లం కొలత, అంకె తగ్గితే ఆమ్లం ఎక్కువని) 7.4, లిడోకైన్ పీకేఏ (అణువులు సగం ఛార్జ్‌తో, సగం ఛార్జ్ లేకుండా ఉండే పీహెచ్) సుమారు 7.9, లెక్కేస్తే నాలుగో వంతు అణువులు పొర దాటే రూపంలో ఉంటాయి. చీము పట్టిన చోట ఆమ్లం పెరుగుతుంది కదా, పీహెచ్ ఒక్క అంకె తగ్గి 6.4 అయిందనుకోండి, ఆ పాతిక శాతం కాస్తా 3 శాతానికి పడిపోతుంది! పైగా వాచిన చోట నరం చిన్నదానికే రెచ్చిపోతుంది.

ఇప్పుడు భయాన్ని ఇందులో పెట్టి చూడండి. భయపడి వాయిదా వేస్తాం, పిప్పి లోపలి గుజ్జు దాకా పోతుంది, చీము పడుతుంది, మత్తు సరిగా ఎక్కదు, నొప్పేస్తుంది, భయం రెట్టింపవుతుంది. ఇందులో పిరికితనం ఏముంది చెప్పండి?

జ్ఞాపకం కూడా తోడవుతుంది. 1985లో వచ్చిన ఒక స్టడీలో పేషెంట్లని చికిత్సకి ముందు, అయిన వెంటనే, 3 నెలల తర్వాత అడిగితే, బాగా భయపడేవాళ్ళకి చివరికి గుర్తున్న నొప్పి నిజంగా పడినదాని కంటే ముందు ఊహించుకున్నదానికే దగ్గరగా ఉంది. అదే, నొప్పి లేకుండా చాలాసార్లు వెళ్ళొచ్చినవాళ్ళకి ఒక చెడ్డ అనుభవం ఎదురైనా భయం అంత తేలిగ్గా పట్టుకోదు.

పై పన్ను పీకిస్తే చూపు పోతుందన్న మాట కూడా కొందర్ని ఆపేస్తుంది. పంటి నొప్పిని మోసేది అయిదో కపాల నాడి (మెదడు నుంచి నేరుగా వచ్చే నరం), చూపుది రెండోది, రెండూ వేర్వేరు.

ఇంకోటి, నోరు తెరుచుకుని పడుకున్న మనిషి ఆపమని చెప్పలేడు, ఆ నిస్సహాయతే సగం భయం. అందుకే చెయ్యెత్తితే డ్రిల్లు ఆపాలని ముందే మాట్లాడుకోండి, కిందటిసారి మత్తు ఎక్కలేదని కూడా చెప్పండి, అప్పుడు డాక్టర్ వాపుకి దూరంగా నరం మొదలు దగ్గర సూది వేసి, తిమ్మిరెక్కిందో లేదో చూసుకునే డ్రిల్లు పట్టుకుంటారు.