ఎవర్ని ఏ మిషన్ మీద కూర్చోబెట్టాలి: లైన్ లెక్క వెనక కథ

సంక్రాంతి వెళ్ళాక వచ్చే మొదటి సోమవారం బట్టల ఫ్యాక్టరీ కుట్టు లైన్‌లో, అంటే ఒక్కొక్కరు ఒక్కో భాగం కుట్టి పక్కవాళ్ళకి అందించే మిషన్ల వరసలో, నిలబడి చూసినవాళ్ళకి ఈ సమస్య ఏంటో చెప్పక్కర్లేదు. ముప్పై మిషన్లుంటే ఇరవై రెండు మందే వస్తారు, మిగతావాళ్ళు ఇంకా శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళల్లోనే ఉంటారు, టార్గెట్ మాత్రం తగ్గదు. అప్పుడు సూపర్వైజర్ వెతికేది స్పీడ్‌గా కుట్టేవాళ్ళని కాదు, ఓవర్‌లాక్ (అంచులు కుట్టే మిషన్) మీదా సింగిల్ నీడిల్ (మామూలు సూటి కుట్టు మిషన్) మీదా రెండిటి మీదా కూర్చోగలిగే మనిషిని. మా దగ్గర అలాంటివాళ్ళని ఫ్లోటర్ అనేవాళ్ళు. గాజువాక అవతల ఒక చిన్న యూనిట్‌లో నేను కొన్నేళ్ళు లైన్ చూశాను, అక్కడ ఒక ఫ్లోటర్ అక్క అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "కూకోమన్న మిషనల్లా కూకున్నాను బాబూ, జీతం మాత్రం ఒక్క పని వచ్చినోళ్ళదే."

విశాఖ చుట్టుపక్కల ఇది చిన్న విషయం కాదు. అచ్యుతాపురంలో బ్రాండిక్స్ అపెరల్ సిటీ అనే బట్టల ఫ్యాక్టరీల పార్క్ వచ్చాక కుట్టుపని ఇక్కడ పెద్ద ఉపాధి అయింది, చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఎవర్ని ఎక్కడ కూర్చోబెడితే లైన్ ఎక్కువ పీసులు ఇస్తుంది అన్న ప్రశ్న మాత్రం మనకంటే చాలా పాతది.

1776లో ఆడమ్ స్మిత్ గుండుసూదుల వర్క్‌షాప్ గురించి రాశాడు, పది మంది పని పంచుకుంటే రోజుకి 48,000 సూదులు వస్తాయని. అక్కడ మొదలైన ఆలోచన ఒక మనిషికి ఒకే పని. అమెరికాలో కార్లు చేసే ఫోర్డ్ దాన్ని చివరిదాకా లాగాడు, 1913లో తన హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే లైన్ పెట్టాడు, అంతకు ముందు పన్నెండున్నర గంటలు పట్టే కారు ఛాసిస్ (కింది చట్రం) బిగింపు 1914కల్లా 93 నిమిషాలకి దిగింది. కానీ అదే 1913లో అక్కడ మానేసి వెళ్ళేవాళ్ళ రేటు 370 శాతం దాకా పోయింది, అంటే ఒక్కో సీటుకి ఏడాదిలో ముగ్గురు నలుగురు మారారన్నమాట, 1914 జనవరిలో రోజుకి ఐదు డాలర్లు ప్రకటించడానికి అది పెద్ద కారణం. స్పీడ్ గురించి అందరూ చెప్తారు గానీ ఈ రెండో అంకె కూడా పక్కనే పెట్టి చదవాలి.

తర్వాత లెక్కలవాళ్ళు దిగారు. 1955లో సాల్వెసన్ అనే ఆయన లైన్ బ్యాలెన్సింగ్‌ని గణితంగా రాశాడు, పనుల్ని స్టేషన్లకి, అంటే లైన్‌లో ఒక్కో సీటుకి, ఎలా పంచాలి అని. అయితే ఆ లెక్కలో ఒక పనికి ఒక టైమే, ఎవరు చేసినా అంతే. మనుషుల తేడా పట్టించుకున్నది ఇంకో దారిలో వచ్చినవాళ్ళు. 1953లోనే అమెరికాలో రాండ్ కార్పొరేషన్ అనే పరిశోధన సంస్థలో ఫల్కర్సన్, గ్లిక్స్‌బర్గ్, గ్రాస్ అనే ముగ్గురు ఒక్కో మనిషికి ఒక్కో స్టేషన్‌లో ఒక్కో స్పీడ్ ఉంటే ఏం చెయ్యాలో చూశారు. లైన్ ఇచ్చేది దాని అతి నెమ్మది స్టేషన్ ఇచ్చినంతే కాబట్టి ఆ కనిష్ఠాన్ని పెంచడమే పని.

ఇది చిన్న ఉదాహరణతో చూస్తేనే బుర్రకెక్కుతుంది. ఒకావిడ కాలర్ గంటకి 60, స్లీవ్ 50 కుడుతుంది. రెండో ఆవిడ కాలర్ 50, స్లీవ్ 40. సూపర్వైజర్ ఏం చేస్తాడు, మొదటావిడ కాలర్‌లో ఎక్స్‌పర్ట్ కదా అని అక్కడే కూర్చోబెడతాడు. అప్పుడు రెండో ఆవిడ స్లీవ్ 40, లైన్ 40, కాలర్ బండిల్స్ గుట్టలా పేరుకుంటాయి. తిప్పేసి కూర్చోబెడితే అటు 50 ఇటు 50, లైన్ 50. రెండు పద్ధతుల్లోనూ ఇద్దరి మొత్తం అదే 100, బయటికొచ్చే పీసులు మాత్రం గంటకి పది ఎక్కువ. ఇది నేను లైన్ మీద నేర్చుకోడానికి రెండేళ్ళు పట్టింది, నిజంగా బాధేస్తుంది తల్చుకుంటే, ఎంతమందిని ఊరికే తిట్టానో.

సీటు మారకూడదు అన్న నియమం కూడా విరిగింది, జపాన్‌లో. టయోటా కార్ల కంపెనీలో తైఇచి ఓనో అంతకు ముందు నేత మిల్లులో పనిచేసినవాడు, అక్కడ దారం తెగితే తనంతట తనే ఆగే మగ్గాలు 1924 నుంచే ఉన్నాయి కాబట్టి ఒక్క మనిషి చాలా మగ్గాలు చూసుకునేది. 1947 ప్రాంతంలో ఆయన మెషిన్ షాప్‌లో ఒకళ్ళకే ఒకటికి మించి మెషిన్లు ఇవ్వడం మొదలెట్టాడు. పాత పనివాళ్ళు ఒప్పుకోలేదు, నా పని లేత్, నాకు డ్రిల్ ఎందుకు అని. యూ ఆకారంలో లైన్లు, ఆర్డర్ తగ్గితే తక్కువమందితో పెరిగితే ఎక్కువమందితో నడపడం, అన్నీ ఆ దారిలోనే వచ్చాయి.

1996లో బార్తోల్డి, ఐసెన్‌స్టీన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో అందమైన సంగతి చూపించారు. మంట ఆర్పడానికి బకెట్లు చేతులు మార్చినట్టు, ప్రతి మనిషీ పీస్ పట్టుకుని ముందుకెళ్తాడు, ముందువాడు తీసుకున్నాక వెనక్కొచ్చి వెనకవాడి దగ్గర తీసుకుంటాడు, నెమ్మదివాళ్ళు మొదట్లో స్పీడ్‌వాళ్ళు చివర్లో నిలబడితే లైన్ తనే బ్యాలెన్స్ అయిపోతుంది, ఎవరూ స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చోనక్కర్లేదు. అయితే దానికి నిలబడి నడవాలి, మనవాళ్ళు కూర్చుని కుట్టేవాళ్ళు కాబట్టి మా లైన్‌లో అది కుదర్లేదు.

మాకు పనికొచ్చింది 1995లో జోర్డాన్, గ్రేవ్స్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పింది. వాళ్ళు కార్ల ప్లాంట్ల గురించి చెప్పారు, ప్రతి ప్లాంటూ అన్ని మోడళ్ళూ చెయ్యక్కర్లేదు, ఒక్కోటి రెండేసి చేస్తూ గొలుసులా కలిస్తే చాలు, లాభం దాదాపు అంతే వస్తుందని. తర్వాత వేరేవాళ్ళు దాన్ని పనివాళ్ళకీ పెట్టి చూశారు. మేం కూడా అదే చేశాం, ప్రతి ఆవిడకీ పక్క సీటు పని నేర్పించాం, చివరావిడకి మొదటి సీటు పని. అన్నీ వచ్చిన ఫ్లోటర్ ఒక్కరే అన్ని చోట్లకీ పరిగెత్తక్కర్లేకుండా పోయింది.

రెండో పనికి జీతం ఎంత అన్నదే తేలలేదు. ఎవరికి ఏ పని వచ్చో రాసే స్కిల్ చార్ట్‌లో ఆ ఫ్లోటర్ అక్క పేరు ఎదురుగా ఆరు ఆపరేషన్లకి టిక్కులున్నాయి, నేను రెండుసార్లు రాసిచ్చినా జీతం గ్రేడ్ మారలేదు. ఉగాది వెళ్ళాక మానేసి కూర్మన్నపాలెంలో సొంతంగా మిషన్ పెట్టుకుంది. ఆవిడ సీటు నింపడానికి మేం ముగ్గురికి ట్రైనింగ్ ఇచ్చాం.