ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌కు పెద్ద దిక్కెవరు? ఐటీ కార్యదర్శి పదవి వెనుక కథ

రాష్ట్ర ప్రభుత్వంలో టెక్నాలజీ వ్యవహారాలన్నిటికీ ఒక అధిపతి ఉండాలన్న ఆలోచన తెలుగు నేలకు కొత్త కాదు. ఆ హోదా ఒకప్పుడు ఐటీ కార్యదర్శి, తర్వాత ఈ-గవర్నెన్స్ సలహాదారు, మరి కొన్నాళ్లకు రియల్ టైమ్ గవర్నెన్స్ (శాఖల సమాచారాన్ని ఎప్పటికప్పుడు ఒకేచోట చూసే వ్యవస్థ) సీఈవో పేరుతో వచ్చింది. కానీ ఆ అధికారి మాట ఏ శాఖలో చెల్లుతుంది, సాఫ్ట్‌వేర్ తప్పు చేస్తే జనానికి ఎవరు జవాబు చెప్పాలి అన్న రెండు ప్రశ్నలు మాత్రం మూడు దశాబ్దాలుగా నానుతూనే ఉన్నాయి.

మొదలు 1985లో ఉంది. ఎన్టీ రామారావు హయాంలో ఆంధ్రప్రదేశ్ టెక్నాలజీ సర్వీసెస్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. శాఖలకు కంప్యూటర్లు కొనిపెట్టడం, సాంకేతిక సలహా ఇవ్వడం దాని పని. సలహా వినాలా వద్దా అన్నది శాఖల ఇష్టం.

అసలు కదలిక 1995 తర్వాత వచ్చింది. చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా ఉన్న ఆ కాలంలో విడిగా ఐటీ శాఖ ఏర్పడింది, ఆర్. చంద్రశేఖర్ దానికి తొలి కార్యదర్శి అయ్యారు. హైటెక్ సిటీ గురించి అందరూ రాస్తారు. నా దృష్టిలో అంతకన్నా పెద్ద మార్పు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో జరిగింది. అంతకుముందు ఇల్లో పొలమో కొన్నవాళ్లు రిజిస్ట్రేషన్ అయ్యాక కూడా దస్తావేజు కోసం రోజుల తరబడి తిరిగేవారు. దాన్ని అక్షరం పొల్లుపోకుండా పెద్ద పుస్తకాల్లోకి చేత్తో ఎక్కించాలి. ఈసీ, అంటే ఆస్తిపై పాత లావాదేవీలు, అప్పులు చూపే పత్రం కావాలంటే పాత సంపుటాలన్నీ తిరగేయాలి. మార్కెట్ విలువ ఎంతో కౌంటరు అవతల ఉన్నవాళ్లకే తెలుసు, మధ్యలో దళారుల చేతివాటం. 1998 నవంబరులో ‘కార్డ్’ పేరుతో 200కు పైగా ఆఫీసుల్లో ఈ పని కంప్యూటర్లకు మారింది. దస్తావేజు స్కాన్ చేసి అదే రోజు చేతికిచ్చేయడం, ఈసీ నిమిషాల్లో ఇవ్వడం మొదలయ్యాయి.

దాన్ని నడిపించిన జె. సత్యనారాయణ అప్పుడు రిజిస్ట్రేషన్ శాఖలోనే ఉన్న అధికారి. కింది సిబ్బంది ఆయన మాట వింటారు, ఏ గుమాస్తా ఏ పని ఎలా చేస్తాడో ఆయనకు తెలుసు. అందుకే పని సాగింది.

ఈ-సేవకు ఆ సౌకర్యం లేదు. కరెంటు బిల్లు, నీటి బిల్లు, ఇంటిపన్ను, జనన ధ్రువపత్రం అన్నీ ఒకే కౌంటర్లో ఇవ్వాలంటే నాలుగైదు శాఖలు తమ లెక్కల పుస్తకాలు బయటివాళ్లకు తెరవాలి. ఏ శాఖా తనంతట తాను ఆ పని చేయదు. ముఖ్యమంత్రి కార్యాలయంలో ప్రత్యేక కార్యదర్శిగా ఉన్న రణ్‌దీప్ సూదన్ లాంటివారు వెంటపడబట్టి 1999 డిసెంబరులో జంటనగరాల్లో ‘ట్విన్స్’గా మొదలైంది, 2001 ఆగస్టులో ఈ-సేవగా విస్తరించింది. అంటే శాఖల మధ్య పని చేయించే బలం ముఖ్యమంత్రి వెనకాల ఉన్నారన్న భరోసాతో వచ్చింది. ఏ చట్టమూ, ఏ జీవో ఆ బలాన్ని పదవికి ఇవ్వలేదు.

ఆ తరం అధికారులు తర్వాత పెద్ద బాధ్యతల్లోకి వెళ్లారు. చంద్రశేఖర్ ఢిల్లీలో కేంద్ర ఐటీ కార్యదర్శి అయ్యారు. 2006లో ఆమోదం పొందిన జాతీయ ఈ-గవర్నెన్స్ ప్రణాళిక రూపకల్పనలో ఆయన పాత్ర పెద్దది. సత్యనారాయణ కేంద్ర కార్యదర్శిగా, ఆధార్ సంస్థ ఛైర్మన్‌గా పనిచేశారు. సూదన్ ప్రపంచ బ్యాంకుకు వెళ్లారు. ఇక్కడ నేర్చిన విద్య దేశానికి అక్కరకొచ్చినందుకు గర్వపడాల్సిందే. ఇక్కడ మాత్రం వారి తర్వాత వచ్చినవారికి వారి అనుభవం అందింది గానీ అధికారం అందలేదు. 2004లో ప్రభుత్వం మారినా ఈ-సేవ నిలబడింది. 2011 నవంబరులో డిజిటల్ సంతకంతో ధ్రువపత్రాలిచ్చే మీసేవ వచ్చింది. ఈ సేవలు జనానికి అలవాటైపోవడం వల్లే ఎవరూ వాటిని ఆపలేకపోయారు.

రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు ఒక అరుదైన అవకాశం దొరికింది. జయేశ్ రంజన్ ఐటీ కార్యదర్శిగా చాలా ఏళ్లు కొనసాగారు. అయితే పరిశ్రమల శాఖ కూడా ఆయన చేతిలోనే ఉండేది. పెట్టుబడులు తేవడం, స్టార్టప్‌ల కేంద్రమైన టీ-హబ్ నిలబెట్టడం ఒక పని, మండలాఫీసులో సాఫ్ట్‌వేర్ సరిగ్గా నడుస్తోందా అని చూడటం పూర్తిగా వేరే పని. రెండూ ఒకే కుర్చీలో పెడితే మొదటిదే ముందుకొస్తుంది.

2020 అక్టోబరులో భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు ఈ లోటు బయటపడింది. లక్షల మంది రైతుల బతుకు ఆధారపడ్డ ఆ పోర్టల్ రెవెన్యూ యంత్రాంగం కింద నడిచింది. పాసుపుస్తకంలో విస్తీర్ణం తప్పు పడినా, పట్టా భూమి నిషేధిత జాబితాలోకి ఎక్కినా తహసీల్దారుకు దిద్దే అధికారం లేదు, మొదట్లో చాలా తప్పులకు సాఫ్ట్‌వేర్‌లో దరఖాస్తు పెట్టుకునే మాడ్యూలే లేదు. రైతు ఎవరిని అడగాలి? ‘సిస్టమ్ తీసుకోవట్లేదు’ అన్న మాట దగ్గరే కథ ఆగిపోయేది. చివరికి కొత్త చట్టం చేసి 2025 ఏప్రిల్‌లో భూభారతి తేవాల్సి వచ్చింది.

రేషన్ కార్డుల సంగతి ఇంకా బాధాకరం. తెలంగాణలో దాదాపు 19 లక్షల కార్డులు కంప్యూటర్ లెక్కల ఆధారంగా, ఇంటికెళ్లి విచారించకుండానే రద్దయ్యాయి. ఆ కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. నోరులేని పేదల కంచంలో బియ్యం ఆపే ముందు ఆ లెక్కను సరిచూడాల్సిన అధికారి ఒకరు ప్రభుత్వంలో ఉండి తీరాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా ఈ పనుల బరువు ఒక చోటి నుంచి మరో చోటికి జరిగింది. 2017లో రియల్ టైమ్ గవర్నెన్స్ సొసైటీ, 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు, 2024 తర్వాత మళ్లీ రియల్ టైమ్ గవర్నెన్స్. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ 161 సేవలతో వాట్సాప్‌లో మొదలైంది. పని వేగం మెచ్చుకోదగ్గదే. కానీ ఎన్నో శాఖల సమాచారం ఒకచోటికి చేరుతున్నప్పుడు బాధ్యత కూడా ఒకచోట ఉండాలి.

బయట చూస్తే, మన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం 1990ల చివర్లోనే గవర్నర్ కేబినెట్‌లో టెక్నాలజీ కార్యదర్శి పదవి పెట్టింది. తర్వాత ఒబామా హయాంలో దేశానికి తొలి సీటీవో (ముఖ్య సాంకేతిక అధికారి) అయిన అనీశ్ చోప్రా అంతకుముందు ఆ పదవిలోనే ఉన్నారు. 2003లో శాఖల కంప్యూటర్ విభాగాలన్నిటినీ చట్టం ద్వారా ఒకే సంస్థ కిందికి తెచ్చారు. 2010 ఆగస్టులో స్టోరేజీ యంత్రం చెడిపోయి రోజుల తరబడి డ్రైవింగ్ లైసెన్సులు ఆగిపోయినప్పుడు ఎవర్ని నిలదీయాలో అక్కడి శాసనసభకు తెలుసు. స్వతంత్ర సమీక్ష జరిగి నివేదిక బయటికొచ్చింది. తర్వాత ఆ కేబినెట్ పదవి పోయినా, ఆ సంస్థ, దాని ప్రధాన అధికారి నేటికీ ఉన్నారు.

మన రెండు రాష్ట్రాల్లోనూ ఇలాంటి పదవిని గట్టిగా నిలబెట్టాలంటే జీవోలో హోదా, జీతం రాస్తే చాలదు. పెట్టుబడుల పని దాని నుంచి విడదీయాలి. ఏ శాఖ కొత్త పోర్టల్ తెచ్చినా, తప్పు దిద్దే దారి, అప్పీలు చేసుకునే దారి అందులో ఉన్నాయని ఈ అధికారి సంతకం చేశాకే అది జనంలోకి రావాలి. సాఫ్ట్‌వేర్ ఆధారంగా కార్డో పింఛనో ఆపేస్తే, కారణం తెలుగులో రాసిచ్చే బాధ్యత, ఆ లెక్క ఏడాదికోసారి శాసనసభ ముందు పెట్టే బాధ్యత ఆ కుర్చీకే ఉండాలి.