బకెట్లో బోర్లించిన గ్లాసు

చిన్నూకీ, బుజ్జికీ అమ్మమ్మ ఆశీస్సులు.

వైజాగ్ బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం చూశాక చిన్నూ అడిగిన ప్రశ్నకి, రైలెక్కే హడావిడిలో జవాబు చెప్పలేకపోయాను. "అంత ఇనుము మునగడం సరే, మళ్ళీ పైకెలా వస్తుంది?" అన్నాడు కదా. ఫోన్లో చెబితే సగమే వింటారు, అందుకే రాస్తున్నా.

బకెట్ నిండా నీళ్ళు పట్టండి. స్టీలు గ్లాసు బోర్లించి నీళ్ళలోకి అదమండి. లోపలి గాలి మీ చేతిని పైకి తోస్తుంది. గ్లాసుని కాస్త వంచారో, బుడబుడమని గాలి పోయి, నీళ్ళు చేరి, అడుక్కి పోతుంది. కుర్సురా ఒంటి చుట్టూ ఉన్న ట్యాంకుల సంగతీ అంతే. అడుగున కన్నాలు, పైన మూతలు. మూతలు తెరిస్తే గాలి బయటికి, సముద్రం లోపలికి. పైకి రావాలంటే మూతలు బిగించి, సిలిండర్లలో కుక్కిపెట్టిన గాలిని ట్యాంకుల్లోకి వదులుతారు. అది నీళ్ళని కిందికి తోసేస్తుంది, సబ్‌మెరైన్ తేలుతుంది.

ఇంకో చిక్కుంది. దానికి మూడు డీజిల్ ఇంజన్లు. డీజిల్ మండాలంటే గాలి కావాలి, నీళ్ళ కింద గాలేదీ? అందుకని లోతులో బ్యాటరీల మీద మోటార్లు తిరుగుతాయి. ఛార్జింగ్ తగ్గితే పై దాకా వచ్చి, ఒక గొట్టం నీళ్ళపైకి చాపి, గాలి పీల్చుకుంటూ ఇంజన్లు నడపాలి. ఛార్జింగ్ పెట్టిన ప్రతిసారీ శత్రువు కంట పడతామేమోనని టెన్షనే.

అందులో 75 మంది ఉండేవారు. పొడవు 91 మీటర్లున్నా, యంత్రాలు పోగా మనుషులకి మిగిలింది మన వంటింటి సందులాంటి దారి. ఓడల్ని పేల్చే టార్పెడోల పక్కనే పడకలు చూసి బుజ్జి నోరు తెరిచింది గుర్తుందా? ఆ గుండ్రటి తలుపుల్లోంచి దూరలేక నా మోకాళ్ళు మొరాయిస్తే మీరిద్దరూ నవ్వారు. అవి అంత చిన్నవిగా ఉన్నది మనల్ని ఏడిపించడానికి కాదు. ఒక గదిలోకి నీళ్ళొస్తే ఆ తలుపు బిగించేసి మిగతా గదుల్ని కాపాడుకోవాలి. ఆ గదిలో మనుషులుంటే? గైడు గారు, ఆయనా నేవీలో చేసి రిటైరైనాయనే, అక్కడ కాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. మీరు గమనించారో లేదో.

1969 డిసెంబరులో అప్పటి సోవియట్ యూనియన్లో, రీగా రేవులో కుర్సురా మన నేవీలో చేరింది. పాకిస్తాన్‌తో 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో కాపలా కాసింది. 2001లో రిటైరైంది, మరుసటేడు మ్యూజియమైంది.

ఆ యుద్ధమప్పుడు నాకు ఏడేళ్ళు. సాయంత్రమైతే కిటికీలకి నల్ల కాగితాలు, వీధి దీపాల్లేవు. డిసెంబరు 3 రాత్రి దాటాక ఢామ్మని మోత, మహారాణిపేటలో మా కిటికీలు గడగడలాడాయి. భూకంపమనుకుని నాన్నమ్మ మమ్మల్ని వీధిలోకి లాక్కొచ్చింది. మన విమానాల్ని మోసే యుద్ధనౌక విక్రాంత్ కోసం వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన తీరానికి దగ్గర్లోనే మునిగిందని తర్వాత తెలిసింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళిపోయింది. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మనవాళ్ళంటారు, ప్రమాదమని పాకిస్తాన్ వాళ్ళంటారు. అందులో ఉన్న తొంభై మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ మిగల్లేదు. బీచ్‌లో ఆ యుద్ధంలో గెలుపుకి గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర చిన్నూ చప్పట్లు కొట్టినప్పుడు నేను కొట్టనిది అందుకే, కోపమేమీ లేదు.

రోడ్డుకి అటు పక్కనున్న టీయూ-142 విమానం సరిగ్గా చూడనే లేదు మీరు, ముంత మసాలా బండి అడ్డొచ్చింది. నాలుగు ఇంజన్లకి ఎనిమిది ప్రొపెల్లర్లు. ఒక్కో ఇంజనుకి రెండేసి, ఒకటి ఇటు తిరిగితే ఇంకోటి అటు. సముద్రంలోకి చిన్న చిన్న తేలే యంత్రాలు జారవిడిచి, నీళ్ళ కింద సబ్‌మెరైన్ చప్పుడు వినడం దాని పని. అంటే పిల్లినీ ఎలుకనీ ఎదురెదురుగా పెట్టారన్నమాట! ఈ ముచ్చట నాకు భలే నచ్చింది.

సంక్రాంతికొస్తే ఆ విమానం ఎక్కుదాం. సోమవారం మాత్రం వద్దు, కుర్సురాకి సెలవు. ఆ గ్లాసు బాత్‌రూములో వదిలేయకండి, మీ అమ్మ నన్నంటుంది.

మీ
అమ్మమ్మ