పెద్దోడూ పసివాడే: ఇద్దరు చిన్నపిల్లలున్న ఇళ్ళలో అపోహలు, వాస్తవాలు

శనివారం సాయంత్రం బెంగుళూరులో మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళలో చాలామంది మనవాళ్ళే. మారతహళ్ళి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ వైపు ఉంటారు. ఊరు అనంతపురమో, నెల్లూరో, విజయవాడో అయివుంటుంది. ఇద్దరు పిల్లలుంటే చిన్నది అమ్మ ఒళ్ళో ఉంటుంది, పెద్దోడు పక్కన నిలబడతాడు. మొన్న ఒక కుటుంబం చిన్నదానికి జలుబని వచ్చింది. పెద్దోడు నా బల్ల మీది టార్చి అందుకోబోతే, "పెద్దోడివి కదరా, బుద్ధిగా నిలబడు" అన్నాడు తండ్రి. ఫైలు తిప్పి చూశాను. ఆ పెద్దోడికి మూడేళ్ళ నాలుగు నెలలు.

పదిహేనేళ్ళుగా బెంగుళూరులో పిల్లల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇళ్ళలో నేను వినే అపోహలు చాలావరకు ఒక్కచోటే పుడుతున్నాయి. ఒకరి కొలత తీసి ఇంకొకరికి పెడుతున్నాం. లేని పెద్దరికం పెద్దోడి మీద వేస్తాం. వాడి మందు చిన్నదానికి పోస్తాం. అక్క ఎప్పుడు మాట్లాడిందో చూసి తమ్ముణ్ణి అంచనా వేస్తాం.

"చెల్లి పుట్టాక వీడు కావాలనే మొండి చేస్తున్నాడు"

ఏడాదిగా పక్క తడపని పిల్లాడు మళ్ళీ తడుపుతాడు. గ్లాసుతో తాగేవాడు పాలసీసా కావాలంటాడు. శుభ్రంగా మాట్లాడేవాడు పాపాయి మాటల్లోకి దిగుతాడు. సరిగ్గా అమ్మ చిన్నదానికి పాలిచ్చే సమయానికే బాత్రూం అంటాడు. ఇంట్లో అందరూ దాన్ని పంతం అనుకుంటారు. పంతం కాదు. దీన్ని మేం రిగ్రెషన్ అంటాం. ఇంట్లో పెద్ద మార్పు వచ్చినప్పుడు చాలామంది పిల్లలు ఇలా ఒక మెట్టు కిందికి దిగుతారు. కొన్ని వారాల్లో, ఒక్కోసారి కొన్ని నెలల్లో మళ్ళీ ఎక్కుతారు.

ఒక తల్లి చెప్పిన సంగతి నాకు బాగా గుర్తుంది. కుక్కర్ ఆపడానికి వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి పెద్దోడు ఉయ్యాల్లోకి ఎక్కి, పాప పక్కన మోకాళ్ళు ముడుచుకుని, నోట్లో వేలేసుకుని పడుకున్నాడట. భయంతో గట్టిగా అరిచి, లాగి దింపేసిందట. ఆ భయం న్యాయమైనదే. ఎంత ప్రేమగా ఉన్నా మూడేళ్ళ పిల్లాణ్ణి పసిబిడ్డ దగ్గర ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. కానీ దింపాక వాణ్ణి కూడా ఒళ్ళో వేసుకోవాలి. వాడు అడిగింది అదే.

సీసా అడిగితే ఒకసారి ఇవ్వండి. చాలామంది నాలుగు గుక్కలు తాగి పక్కన పెట్టేస్తారు. పక్క తడిపితే బట్టలు మార్చి ఊరుకోండి. "సిగ్గులేదా, చెల్లి నయం" అనే మాట వల్ల అది తగ్గదు. రోజులో పది పదిహేను నిమిషాలు, ఫోన్ పక్కన పెట్టి, చిన్నదాన్ని నానమ్మకో అమ్మమ్మకో ఇచ్చి, పెద్దోడితోనే ఉండండి. ఏ ఆట ఆడాలో వాణ్ణే చెప్పనివ్వండి.

అయిదేళ్ళలోపు రాత్రిపూట పక్క తడపడం మామూలే. అయితే మానేసిన పిల్లాడు మళ్ళీ తడుపుతూ, దానితోపాటు విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం కనిపిస్తే మాత్రం చెల్లి పుట్టిందని సరిపెట్టుకోవద్దు. అదే రోజు షుగర్ పరీక్ష చేయించండి. పిల్లల్లో వచ్చే టైప్ 1 షుగర్ బయటపడేది చాలాసార్లు ఇలాగే.

"ఇద్దరికీ ఒకే జ్వరం, ఒకే మందు"

ఒక తల్లి సంచిలోంచి మూడు సీసాలు తీసి నా బల్ల మీద పెట్టింది. మూడూ పారాసిటమాలే. ఒకటి డ్రాప్స్, 1 మి.లీ.లో 100 మి.గ్రా. రెండోది సిరప్, 5 మి.లీ.లో 125 మి.గ్రా. మూడోదీ సిరప్పే, కానీ 5 మి.లీ.లో 250 మి.గ్రా. "పెద్దదానికి 5 మి.లీ. రాశారు కదా మేడమ్, చిన్నోడికి అందులో సగం పోశాను" అంది. ఏ సీసాలోంచి పోశావమ్మా అంటే ఆమెకు గుర్తులేదు. రాత్రి రెండు గంటలు. లైటు వేస్తే ఇంకొకరు లేస్తారని చీకట్లోనే పోసింది.

ఆ చిన్నోడి బరువు 10 కిలోలు. పారాసిటమాల్ ఒక మోతాదు కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. అంటే వాడికి కావలసింది 100 నుంచి 150 మి.గ్రా. సగం అంటే 2.5 మి.లీ. అది 250 సిరప్ అయితే 125 మి.గ్రా., సరిపోయింది. 125 సిరప్ అయితే 62 మి.గ్రా., జ్వరం తగ్గదు. డ్రాప్స్ అయితే 250 మి.గ్రా., కావలసినదానికి దాదాపు రెట్టింపు. డ్రాప్స్ చిన్నపిల్లల మందు కాబట్టి పలచన అనుకుంటారు చాలామంది. నిజానికి మూడింటిలో చిక్కనిది అదే. ఒక్కసారికి ఆ తేడాతో పెద్ద ప్రమాదం రాకపోవచ్చు. కానీ జ్వరం మూడు రోజులుంటుంది, నానమ్మ ఒకసారి, నాన్న ఒకసారి పోస్తారు. అలా మోతాదు మించితే దెబ్బ పడేది కాలేయానికి.

కాబట్టి మోతాదు బరువును బట్టి, సీసా మీద రాసిన బలాన్ని బట్టి. వంటింటి చెంచాతో కాదు, సీసాతో వచ్చే కొలమూతతో, ఇంకా మేలు సూదిలేని సిరంజితో. మోతాదుకీ మోతాదుకీ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు. రోజులో నాలుగుసార్లకు మించవద్దు. ఇద్దరి పేర్లూ వేసి, టైము, మి.లీ. రాసే కాగితం ఒకటి ఫ్రిజ్ మీద అంటించండి. ఎవరు పోస్తే వాళ్ళు రాస్తారు. మా దగ్గరికి ఎవరి కోసం వచ్చినా ఇద్దరినీ బరువు తూచే పంపిస్తాం, ఆ కాగితం కోసమే.

మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ (38 సెల్సియస్) తాకితే ఇంట్లో మందు వేసి చూద్దాం అనుకోవద్దు. రాత్రయినా పగలైనా ఆసుపత్రికి వెళ్ళాలి. ప్లేస్కూల్‌కి వెళ్ళే అన్న ఉన్న ఇంట్లో ఈ మాట మరీ ముఖ్యం. "అన్నకీ ఇలాగే వచ్చి తగ్గింది" అని ఆగిపోయేది ఇక్కడే.

దగ్గు, జలుబు సిరప్‌ల విషయంలో నేను ఇంకా గట్టిగా చెబుతాను. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందులు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడకూడదని, ఆ హెచ్చరిక సీసా మీద ముద్రించాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు ఆదేశించారు. 2025 అక్టోబరులో, మధ్యప్రదేశ్‌లో దగ్గు సిరప్ తాగిన పిల్లలు చనిపోయిన తర్వాత, రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు జలుబు మందులు అసలు రాయవద్దని, అయిదేళ్ళలోపు సాధారణంగా వద్దని కేంద్ర ఆరోగ్య శాఖ సలహా ఇచ్చింది. పెద్దోడికి పోయినసారి రాసిన సీసా మిగిలిందని చిన్నదానికి పోయకండి. ఏడాది దాటిన పిల్లలకు దగ్గుకి అర చెంచా తేనె ఇవ్వవచ్చు. ఏడాదిలోపు తేనె నాలుకకు రాయడం కూడా వద్దు. అందులో ఉండగల, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బాక్టీరియా బీజాలు పసిబిడ్డల పేగుల్లో మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. మిగిలిపోయిన యాంటీబయాటిక్ కూడా అంతే. పొడిలో నీళ్ళు కలిపాక అది కొన్నాళ్ళే నిలుస్తుంది. మామూలు జలుబుకి దానితో పనే లేదు.

"ఈ బెంగుళూరు చలి పడలేదు, వీళ్ళకి ఇమ్యూనిటీ లేదు"

విజయవాడ నుంచి వచ్చిన అమ్మమ్మలందరి అభియోగం ఇదే. మంకీ క్యాప్, స్వెట్టర్, సాక్సులు, పైన దుప్పటి వేస్తారు, పిల్ల లోపల చెమటతో తడిసి ఉంటుంది. జలుబు తెచ్చేది వైరస్, చల్లగాలి కాదు. ప్లేస్కూల్‌కి వెళ్ళే పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు రావడం మామూలు, మొదటి ఏడాది ఇంకా ఎక్కువే రావచ్చు. పెద్దోడికి వచ్చిన ప్రతిదీ చిన్నదానికీ వస్తుంది కాబట్టి ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉన్నట్టుంటుంది. బరువు పెరుగుతూ, జలుబుకీ జలుబుకీ మధ్య హాయిగా ఆడుకుంటుంటే ఆ పిల్లల్లో లోపమేమీ లేదు. టానిక్కులు దీన్ని ఆపవు. బడి నుంచి రాగానే పెద్దోడి చేతులు సబ్బుతో కడిగించండి. ఆరు నెలలు నిండినప్పటి నుంచి అయిదేళ్ళ వరకు ఏటా ఫ్లూ టీకా వేయించండి, పెద్దోడికి కూడా.

"రెండోవాళ్ళకి మాటలు ఆలస్యమే. అయినా ఇన్ని భాషల్లో వీడికి గందరగోళం"

ఇవి రెండు వేర్వేరు మాటలు, కానీ ఎప్పుడూ జంటగానే వస్తాయి. వెనకాలే మూడోది: "వాళ్ళ మేనమామకీ నాలుగేళ్ళకి గానీ మాటలు రాలేదు."

రెండేళ్ళ బాబు. "పదిహేను మాటలే వచ్చు మేడమ్, అక్క ఈ వయసుకి పద్యాలు చెప్పేది" అన్నారు. కాగితం ఇచ్చి, వాడు అనే ప్రతి మాటా రాయమన్నాను. వాళ్ళు తెలుగు మాటలే లెక్కపెట్టారని అప్పుడు తేలింది. ఆయా దగ్గర నేర్చిన కన్నడం మాటలు, బా, బేడ, బేకు, హాలు, నాయి, లెక్కలోకి రాలేదు. బాల్, షూ, బస్సు కూడా రాలేదు. అన్నీ కలిపితే యాభై దాటాయి. ఇంతలో వాడే తల్లి చున్నీ పట్టుకుని లాగుతూ "అమ్మా, హాలు బేకు" అన్నాడు. పాలు కావాలట. రెండు భాషలు కలిపి మూడు మాటలతో వాక్యం కట్టాడు! పిల్లల మాటలు అన్ని భాషల్లోనూ కలిపి లెక్కపెట్టాలి. భాషలు కలిపి మాట్లాడటం జబ్బు కాదు, ఎదుగుదలలో భాగం. పిల్లాడికి మాటలు రావాలంటే ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని ఎవరో చెప్పారని వచ్చినవాళ్ళున్నారు. ఆ ఇంట్లో ఇంగ్లీషు రాని అమ్మమ్మ మనవడి దగ్గర మాట్లాడటమే తగ్గించేసింది. రోజంతా వాడితో కబుర్లు చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి ఆవిడ. వెంటనే మొదలుపెట్టమన్నాను, తెలుగులోనే.

రెండోవాళ్ళు కాస్త అటూ ఇటూ కావచ్చు. అక్క అడిగినవన్నీ అందిస్తుంటే వాడు అడగడం తగ్గించవచ్చు. కానీ గడువు మారదు. ఏడాదికల్లా పేరు పిలిస్తే తిరగకపోయినా, పదహారు నెలలకి ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్ళకి రెండు మాటలు సొంతంగా కలపకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోయినా ఆగవద్దు. ముందు వినికిడి పరీక్ష చేయించండి. మేనమామ సంగతి ఆయన సంగతి.

వస గురించి కూడా చెప్పాలి. గలగలా మాట్లాడేవాళ్ళని వసపిట్ట అంటాం మనం. అందుకే వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు, ఇక్కడ దాన్నే బజె అంటారు. అందులో బీటా అసరోన్ అనే విషపదార్థం ఉంటుంది. అమెరికాలో 1968లోనే ఆహార పదార్థాల్లో వసను నిషేధించారు. పసిబిడ్డలకు వాంతులు, మత్తు రావచ్చు. మాటలు మాత్రం రావు.

త్వరగా చెప్పదగ్గవి రెండు

పాలిచ్చే తల్లి మళ్ళీ నెల తప్పితే పాలు చెడిపోతాయని, ఆ రోజే మాన్పించాలని అంటారు. పాలు చెడిపోవు. గర్భంలో ఇబ్బంది లేకపోతే ఇవ్వవచ్చు. ఇదివరకు నెలలు నిండకుండా కాన్పు అయినా, ఇప్పుడు రక్తస్రావం కనిపిస్తున్నా కాన్పు డాక్టరుని అడిగి నిర్ణయించుకోవాలి.

"ఫోన్ పెద్దోడికే ఇస్తున్నాం" అంటారు. గోడ మీది టీవీకి ఎవరి వంతు తెలియదు కదా, ఉయ్యాల్లోది కూడా అటే చూస్తుంది. రెండేళ్ళలోపు స్క్రీన్ వద్దని, రెండు నుంచి అయిదేళ్ళ వరకు రోజుకు గంట మించవద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ఊళ్ళో ఉన్న తాతయ్యతో వీడియో కాల్‌కి అభ్యంతరం లేదు. అన్నం మాత్రం ఫోన్ చూపించి పెట్టకండి. నాలుగు ముద్దలు తక్కువ తింటే తిననివ్వండి.

"నాన్న వచ్చేదాకా మేల్కొని ఉండకపోతే నాన్నకి దూరమవుతారు"

ఈ ఊరి ట్రాఫిక్కు పుట్టించిన అపోహ ఇది. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసు, ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. పిల్లలు పదకొండుకి పడుకుంటారు, పెద్దది ఏడింటికల్లా బడికి లేవాలి. ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ళ వాళ్ళకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, పగటి కునుకు కలిపే. అది దక్కని పిల్ల సాయంత్రం అయిదింటికి చీటికీమాటికీ ఏడుస్తుంది, తమ్ముణ్ణి తోస్తుంది. అప్పుడు దాన్ని మొండిది అంటారు, కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

అలాంటి ఒక తండ్రితో, పిల్లల్ని ఎనిమిదిన్నరకే పడుకోబెట్టేయండి, మీరు పొద్దున తీసుకోండి అన్నాను. ఒప్పుకోవడానికి ఆయనకి కష్టమైంది. రోజంతా చూడని పిల్లల్ని నిద్రలో చూడటం ఏ తండ్రికైనా కష్టమే. నెల తర్వాత టీకాకి వచ్చినప్పుడు పెద్దదే చెప్పింది నాకు. పొద్దున్నే తమ్ముడు లేవకముందు, నాన్న వేలు పట్టుకుని కింద కొట్టుకి వెళ్తుందట. రెండు నందిని పాల ప్యాకెట్లు. ఒకటి నాన్న మోస్తాడు, ఒకటి తను మోస్తుంది. లిఫ్టులో రారట, మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కుతారట.