పదిహేనేళ్లకు బ్రెజిల్, యాభయ్యారేళ్లకు పోర్చుగల్: మియురా వెనుక ఉన్న జపాన్ ఫుట్‌బాల్ కథ

జనవరి 11వ తేదీ ఉదయం సరిగ్గా 11 గంటల 11 నిమిషాలకు జపాన్‌లోని యొకొహామా ఎఫ్‌సీ క్లబ్ కొన్నేళ్లపాటు ఒకే ప్రకటన చేస్తూ వచ్చింది. 11వ నంబరు చొక్కా వేసుకునే కజుయోషి మియురా మరో ఏడాది తమ జట్టులోనే ఆడతాడన్నది దాని సారాంశం. ఇలాంటి ప్రకటన వెలువడిన ప్రతిసారీ జపాన్‌లో రెండు మాటలు వినిపించేవి. యాభై దాటిన మనిషికి జట్టులో చోటివ్వడం ఆటా, ప్రచారమా అని కొందరు ప్రశ్నిస్తే, అతడు లేకపోతే వృత్తిగా ఈ ఆటే ఉండేదా అని మరికొందరు ఎదురు ప్రశ్నించేవారు. ఈ రెండో ప్రశ్నలో కొంత అతిశయోక్తి ఉన్న మాట నిజమే. అయినా అందులో ఎంత నిజముందో తెలియాలంటే, ఫుట్‌బాల్ ఆడి బతకవచ్చన్న ఊహే జపాన్‌లో లేని కాలానికి వెళ్లాలి.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో హైదరాబాదీ అయిన ఎస్.ఎ. రహీమ్ శిక్షణలోని భారత జట్టు జపాన్‌ను 2-0తో ఓడించి, చివరికి బంగారు పతకం గెలిచింది. అప్పటికి జపాన్ వాళ్లు నేర్చుకునే దశలోనే ఉన్నారు. జర్మనీ నుంచి రప్పించిన కోచ్ డెట్మార్ క్రామర్ సలహాతో 1965లో దేశవ్యాప్త లీగ్ మొదలైంది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో జపాన్‌కు కాంస్యం దక్కింది, ఆ జట్టు స్ట్రైకర్ కునిషిగె కమమోతో ఏడు గోల్స్‌తో అందరికంటే ముందు నిలిచాడు. అయితే ఆ లీగ్‌లోని జట్లలో అత్యధికం కంపెనీల జట్లు. ఫురుకావా ఎలక్ట్రిక్, మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్, యాన్మార్ డీజిల్, హిటాచీ వంటి సంస్థల ఉద్యోగులే ఆటగాళ్లు. వాళ్లు జీతం తీసుకునేది ఉద్యోగానికి, ఆట దానికి తోడు. ఫురుకావా ఉద్యోగి యాసుహికో ఒకుదెరా 1977లో జర్మనీలోని కొలోన్ క్లబ్‌కు వెళ్లి, ఆ సీజన్‌లోనే జర్మనీ అగ్రశ్రేణి లీగ్ బుందెస్‌లీగా, జర్మన్ కప్ రెండూ గెలిచిన జట్టులో ఆడాడు. తొమ్మిదేళ్లు అక్కడ నిలదొక్కుకున్న ఒకుదెరాను జపాన్‌లో వింతగా చూశారే తప్ప, అతడు వేసిన బాటలో నడిచినవాళ్లు దాదాపు లేరు. 1986లో అతడు తిరిగి వచ్చేనాటికి గానీ స్వదేశంలో ప్రొఫెషనల్ ఆటగాడిగా పేరు నమోదు చేసుకునే వీలు కలగలేదు.

1967లో షిజుఒకాలో పుట్టిన మియురా ఆ వీలు కోసం కాచుకుని కూర్చోలేదు. 1982లో, పదిహేనేళ్ల వయసులో, హైస్కూలు చదువు మధ్యలో వదిలేసి బ్రెజిల్ వెళ్లిపోయాడు. అతడు చేరిన జువెంతుస్, పేరు విని ఇటలీ క్లబ్ అనుకునే ప్రమాదం ఉంది గానీ, సావోపాలో నగరంలో ఇటలీ వలస కార్మికులు స్థిరపడిన మోకా పేటకు చెందిన చిన్న క్లబ్. అక్కడి బట్టల మిల్లు కార్మికుల నుంచి పుట్టింది. నాలుగేళ్లు కుర్రాళ్ల జట్లలో గడిపాక 1986లో సాంతోస్ క్లబ్ అతడితో ప్రొఫెషనల్ ఒప్పందం కుదుర్చుకుంది. పెలె ఆడిన క్లబ్ అది. అక్కడ కుదురుకోలేక తర్వాతి మూడేళ్లలో ఊరూరూ తిరిగాడు: పరానా రాష్ట్రంలో మత్సుబారా, ఈశాన్య తీరాన మసెయో నగరంలో సీఆర్‌బీ, సావోపాలో రాష్ట్రం లోపల ఎక్కడో ఉన్న జావు పట్టణం. 1988లో ఆ జావు జట్టు తరఫున పెద్ద క్లబ్ అయిన కొరింథియన్స్ మీద గోల్ కొట్టాకే బ్రెజిల్ పత్రికలు అతడిని పట్టించుకున్నాయి. మరుసటి ఏడాది కొరితీబా జట్టుతో పరానా రాష్ట్ర టైటిల్ గెలిచి, 1990లో మళ్లీ సాంతోస్ చొక్కా వేసుకున్నాడు. నా దృష్టిలో అతడి జీవితంలో అసలు చదువు ఈ తిరుగుడే. చోటు పోతే మరో ఊళ్లో సంపాదించుకోవడం అక్కడే అలవాటైంది.

1990 వేసవిలో అతడు యోమియురి క్లబ్‌లో చేరడానికి జపాన్ వచ్చాడు. మూడేళ్లకు, 1993 మే 15న, టోక్యో నేషనల్ స్టేడియంలో 59,626 మంది ఎదుట పది క్లబ్బులతో జపాన్ తొలి ప్రొఫెషనల్ లీగ్, జె.లీగ్, ప్రారంభమైంది. వెర్డీ కవాసాకిగా పేరు మారిన మియురా జట్టు ఆ రోజు యొకొహామా మారినోస్ చేతిలో 2-1తో ఓడినా, ఏడాది చివరికి విజేతగా నిలిచింది. లీగ్ అత్యుత్తమ ఆటగాడి బహుమతి అందుకోవడానికి మియురా ఎర్ర సూటు వేసుకుని వేదికెక్కాడు. మొన్నమొన్నటి దాకా కంపెనీ ఉద్యోగులు ఆడిన ఆటలో ఆ ఎర్ర రంగు ఎంతగా కొట్టొచ్చినట్టు కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అదే ఏడాది అక్టోబర్ 28న దోహాలో జరిగినదాన్ని జపాన్ ఇప్పటికీ ‘దోహా విషాదం’ అనే పిలుస్తుంది. ఇరాక్‌పై గెలిస్తే అమెరికాలో జరిగే 1994 ప్రపంచకప్‌కు తొలిసారి అర్హత దక్కుతుంది. ఐదో నిమిషంలోనే మియురా గోల్ కొట్టాడు. ఇరాక్ స్కోరు సమం చేసినా, నకయామా గోల్‌తో జపాన్ మళ్లీ 2-1 ఆధిక్యం సాధించి చివరి క్షణాల దాకా నిలబెట్టుకుంది. అప్పుడు ఇరాక్‌కు కార్నర్ లభించింది. బంతిని నేరుగా గోల్ ముందుకు కొట్టకుండా దగ్గరలో ఉన్న సహచరుడికి అందించారు. అతడిని అడ్డుకోవడానికి పరుగెత్తినవాడు, స్ట్రైకర్ అయి ఉండీ వెనక్కి వచ్చి కాపు కాస్తున్న మియురాయే. కాలు చాచి నేల మీద జారాడు గానీ బంతి అతడిని దాటిపోయింది, ఒమ్రాన్ దాన్ని తలతో గోల్‌లోకి పంపాడు. స్కోరు 2-2 కావడంతో గోల్స్ తేడాతో దక్షిణ కొరియా అమెరికా వెళ్లింది. ఆ రాత్రి జపాన్ మిడ్‌ఫీల్డ్‌లో ఆడిన హజిమె మొరియాసు పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

1994లో మియురా లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా, జెనోవా క్లబ్‌కు వెళ్లి, ఇటలీ అగ్రశ్రేణి లీగ్ సీరీ ఎలో ఆడిన తొలి జపనీయుడయ్యాడు. జెనోవా ఆటగాళ్ల చొక్కా మీద ఆ సీజన్‌లో జపాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ కెన్‌వుడ్ పేరుండటంతో, అతడు వచ్చింది కాళ్ల బలంతోనా, స్పాన్సర్ డబ్బుతోనా అన్న అనుమానం మొదటి రోజు నుంచే వెంటాడింది. ఏసీ మిలన్‌తో జరిగిన తొలి మ్యాచ్‌లోనే ఆ జట్టు డిఫెండర్ ఫ్రాంకో బరేసీని ఢీకొని ముక్కు ఎముక విరగ్గొట్టుకున్నాడు. డిసెంబర్‌లో అదే ఊరి ప్రత్యర్థి సంప్‌దోరియా మీద కొట్టినదే లీగ్‌లో అతడి ఏకైక గోల్. మొత్తం 21 మ్యాచ్‌లు ఆడాడు, జెనోవా కింది డివిజన్‌కు పడిపోయింది, అతడు వెర్డీకి తిరిగొచ్చాడు. అంకెలు చూస్తే అది వైఫల్యమే, దాన్ని దాచనక్కర్లేదు.

దానికంటే పెద్ద దెబ్బ 1998 జూన్‌లో తగిలింది. జపాన్ తొలిసారి ప్రపంచకప్‌కు అర్హత సాధించింది. స్విట్జర్లాండ్‌లోని నియోన్ శిబిరంలో కోచ్ తకెషి ఒకాదా 25 మందిని 22కు తగ్గిస్తూ తీసేసిన మూడు పేర్లలో మియురా ఒకడు. జాతీయ జట్టుకు 89 మ్యాచ్‌ల్లో 55 గోల్స్ చేసినవాడు ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ కూడా ఆడలేదు. జుట్టుకు తెల్లటి రంగు వేయించుకుని టోక్యోలో దిగిన అతడు, జపాన్ ప్రతినిధిగా తన గర్వాన్నీ ఆత్మనూ అక్కడే వదిలి వచ్చానని విలేకరులకు చెప్పాడు. ముప్పై ఒకటేళ్ల వయసులో అతడి ఫామ్ తగ్గిందన్న ఒకాదా అంచనా తప్పని చెప్పలేం. కానీ అతడు లేని జట్టు మూడు మ్యాచ్‌లూ ఓడి, ఒకే ఒక గోల్‌తో ఇంటికొచ్చింది.

ఆ 22 మందీ జె.లీగ్ ఆటగాళ్లే. ప్రపంచకప్ ముగియగానే వాళ్లలో ఒకడైన హిదెతోషి నకతా ఇటలీలోని పెరూజాకు వెళ్లి, తొలి మ్యాచ్‌లోనే యువెంటస్‌పై రెండు గోల్స్ కొట్టాడు, 2001లో రోమా జట్టుతో లీగ్ టైటిల్ గెలిచాడు. స్పాన్సర్ అనుమానాన్ని పోగొట్టింది నకతాయే తప్ప మియురా కాదు. అక్కడి నుంచి వరస ఆగలేదు. 2017లో జపాన్ సంస్థ డీఎంఎం బెల్జియంలోని సింట్-ట్రాయిడెన్ క్లబ్‌ను కొన్నాక, కుర్రాళ్లు ఐరోపాలో అడుగుపెట్టడానికి సొంత వాకిలే ఏర్పడింది. 2022లో, దోహా ఉన్న ఖతార్‌లోనే జరిగిన ప్రపంచకప్‌లో జర్మనీని, స్పెయిన్‌ను ఓడించిన జపాన్ జట్టు 26 మందిలో 19 మంది ఐరోపా క్లబ్బుల్లో ఆడుతున్నవాళ్లు. ఆ జట్టు కోచ్ మొరియాసు.

వాళ్లు స్వదేశపు లీగ్‌లో రాటుదేలి బయటికి వెళ్తున్నారు. మియురా వెళ్లినప్పుడు స్వదేశంలో అలాంటి లీగే లేదు. జాతీయ జట్టులో చోటు పోయాక కూడా అతడు బ్రెజిల్‌లో నేర్చినట్టే ఊళ్లు మారాడు: క్రొయేషియాలోని జాగ్రెబ్, క్యోటో, కోబె, 2005లో యొకొహామా. అభిమానులే చొరవ తీసుకుని స్థాపించిన యొకొహామా ఎఫ్‌సీకి మొదటి నుంచీ సారథ్యం వహించినవాడు ఒకుదెరాయే కావడం విశేషం. 2011 మార్చిలో భూకంప బాధితుల కోసం ఒసాకాలో జరిగిన మ్యాచ్‌లో నలభై నాలుగేళ్ల మియురా జాతీయ జట్టు మీద గోల్ కొట్టి, గోల్ కొట్టినప్పుడు చేసే తన పాత నాట్యం చేశాడు. 2017 మార్చి 12న గున్మా జట్టు మీద గోల్ కొట్టినప్పుడు అతడి వయసు 50 ఏళ్ల 14 రోజులు. ఇక 2021 సీజన్‌లో లీగ్‌లో ఒకే మ్యాచ్‌లో, అదీ ఆట ముగిసే వేళ, మైదానంలోకి దిగాడు. ప్రచారం అన్న విమర్శకు బలమున్నది ఈ చివరి ఏళ్లకే.

2022లో నాలుగో అంచె లీగ్‌లోని సుజుకా జట్టుకు లోన్ మీద వెళ్లాడు, అక్కడ కోచ్ సొంత అన్న యాసుతోషి. మరుసటి ఏడాది పోర్చుగల్ రెండో డివిజన్‌లోని ఒలివెయిరెన్స్‌లో చేరి, ఏప్రిల్ 22న అకదెమికో వీసెవు జట్టుపై ఆట ఆఖరి నిమిషాల్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. అప్పటికి అతడికి యాభయ్యారేళ్లు. 1982లో ఎవరి అండా లేని కుర్రాడిగా దేశం దాటినవాడు ఈసారి చేరిన విదేశీ క్లబ్ యజమాని యొకొహామా ఎఫ్‌సీని నడుపుతున్న జపాన్ సంస్థ, ఒనొదెరా గ్రూపే.